పింగ్ 0.15 మిల్లీసెకన్లు చూపిస్తే తప్పు స్విచ్‌దేనా? క్లస్టర్‌లో లేటెన్సీని (మెసేజ్ చేరడానికి పట్టే ఆలస్యాన్ని) కొలవడం, తగ్గించడం

ప్రశ్న క్లుప్తంగా ఇది. ఒకే ర్యాక్‌లో 16 నోడ్‌లు, అంటే సర్వర్లు ఉన్నాయి. ఒక్కో నోడ్‌లో రెండు సాకెట్లు (ప్రాసెసర్ చిప్‌లు) కలిపి 64 కోర్లు, ఆర్‌డీఎంఏ (ఆపరేటింగ్ సిస్టమ్ జోక్యం లేకుండా ఒక మెషీన్ మెమరీ నుంచి ఇంకోదానికి నేరుగా డేటా పంపే పద్ధతి) చేయగల 25 గిగాబిట్ ఈథర్‌నెట్ కార్డు. అన్నీ డీఏసీ అనే పొట్టి రాగి కేబుళ్లతో ఒకే స్విచ్‌కి కలిశాయి. ఫ్లూయిడ్ సిమ్యులేషన్ కోడ్ 4 నోడ్‌ల వరకు చక్కగా వేగం పుంజుకుంది, 8 దగ్గర నెమ్మదించింది, 16కి వెళ్తే 8 మీద పట్టిన టైమ్ కన్నా ఎక్కువ పడుతోంది. పింగ్ కొడితే సగటున 0.15 మిల్లీసెకన్లు వస్తోంది. స్విచ్ మార్చాలా, ఏకంగా ఇన్ఫినీబ్యాండ్‌కి (ఈథర్‌నెట్ బదులు క్లస్టర్లలో వాడే వేరే రకం నెట్‌వర్క్‌కి) పోవాలా అని అడిగారు.

ఇప్పుడే ఏదీ కొనకండి. 0.15 మిల్లీసెకన్లు అంటే 150 మైక్రోసెకన్లు. అందులో స్విచ్ వాటా, కేబుల్ వాటా కలిపినా రానూపోనూ రెండు మైక్రోసెకన్లు దాటడం కష్టం. మిగతాదంతా సర్వర్ల లోపలే పోతోంది. ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసుకుంటే తర్వాత దేని వెంట పడాలో, దేన్ని వదిలేయాలో తెలుస్తుంది.

కేబుల్‌లో సిగ్నల్ మీటరుకు సుమారు 5 నానోసెకన్లు తీసుకుంటుంది. మీ 3 మీటర్ల డీఏసీకి 15 నానోసెకన్లు. 64 బైట్ల ప్యాకెట్‌ని 25 గిగాబిట్ తీగ మీదకు ఎక్కించడానికి 20 నానోసెకన్లు, 1500 బైట్లదైతే 480. డేటా సెంటర్ స్విచ్‌లు చాలావరకు ప్యాకెట్ మొత్తం అందేదాకా ఆగకుండా హెడర్ చూడగానే ముందుకు పంపేస్తాయి, దాన్నే కట్-త్రూ అంటారు. ఆ పద్ధతిలో స్విచ్‌లో కొన్ని వందల నానోసెకన్లు పోతాయి. కార్డు, పీసీఐ-ఎక్స్‌ప్రెస్ దారి కలిపి ఒక్కో చివర అర మైక్రోసెకను నుంచి ఒక మైక్రోసెకను. అంటే ఆర్‌డీఎంఏలో ఒకవైపు ప్రయాణం 2 మైక్రోసెకన్లకు అటూ ఇటూ తేలాలి. కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి భాగం) మీదుగా టీసీపీలో పోతే సిస్టమ్ కాల్స్, ఇంటరప్ట్‌లు, ప్రోటోకాల్ పని కలిసి రెండు చివరలా మైక్రోసెకన్లు పోగవుతాయి. సర్దిన మెషీన్లలో రానూపోనూ 20, 30 మైక్రోసెకన్లు సహజం. 150 రావడానికి మాత్రం ఇంకేదో కారణం ఉండాలి.

ముందు ఆ పింగ్ సంగతే తేలుద్దాం. పింగ్ మామూలుగా సెకనుకో ప్యాకెట్ పంపుతుంది. ఆ సెకను పాటు ఖాళీగా ఉన్న కోర్ గాఢ నిద్రలోకి, అంటే సీ6 స్థితిలోకి జారుకుంటుంది. ప్యాకెట్ రాగానే ఇంటరప్ట్ వచ్చి దాన్ని లేపాలి. లినక్స్ ఇంటెల్ ఐడిల్ డ్రైవర్‌లో రాసి ఉన్న అంకెల ప్రకారం స్కైలేక్ సర్వర్ ప్రాసెసర్ సీ6 నుంచి లేవడానికి 133 మైక్రోసెకన్లు, ఐస్‌లేక్ సర్వర్‌కి 170. అదే సీ1 నుంచైతే 1, 2 మైక్రోసెకన్లే. అవి డ్రైవర్ రాసుకున్న గరిష్ఠ అంచనాలు, ప్రతిసారీ అంత పట్టదు. అయినా అవతలి మెషీన్ ఒకసారి, జవాబు వచ్చాక ఇవతలి మెషీన్ ఒకసారి నిద్ర లేచేసరికి మీ 150లో అధిక భాగం అయిపోతుంది.

దీన్ని రెండు నిమిషాల్లో నిర్ధారించుకోవచ్చు. మామూలు పింగ్ 20 ప్యాకెట్లు పంపి సగటు రాసుకోండి. తర్వాత రూట్‌గా ఇంటర్వల్ 0.01 సెకను పెట్టి 1000 ప్యాకెట్లు, ఆ తర్వాత ఫ్లడ్ ఆప్షన్‌తో 10,000 ప్యాకెట్లు పంపండి. తీగ, స్విచ్, కార్డు మూడింటిలోనూ అవే. సగటు 150 నుంచి 30, 40కి పడిపోతే మీరు ఇన్నాళ్లూ కొలిచింది నెట్‌వర్క్‌ని కాదు, ప్రాసెసర్ నిద్రని. మొదటి ప్యాకెట్‌ని ఎప్పుడూ లెక్కలోంచి తీసేయండి, అందులో ఏఆర్‌పీ వెతుకులాట (ఐపీ అడ్రసుకు కార్డు అడ్రసు కనుక్కోవడం) కూడా కలిసి ఉంటుంది.

ఇక్కడో మెలిక ఉంది. మీ కోడ్ నోడ్‌ల మధ్య మెసేజ్‌లు పంపుకోవడానికి వాడే లైబ్రరీ ఎంపీఐ. ఆ ఎంపీఐ ప్రాసెస్‌లు మెసేజ్ కోసం ఆగేటప్పుడు నిద్రపోవు, వచ్చిందా అని తిరుగుతూనే చూస్తుంటాయి. కాబట్టి ఆర్‌డీఎంఏ మీద నడిచే ఎంపీఐకి ఈ సీ6 దెబ్బ నేరుగా తగలదు. టీసీపీ మీద నడిస్తే, ఇంటరప్ట్ ఖాళీ కోర్ మీద పడితే మాత్రం తగులుతుంది. అందుకే పింగ్ బాగుపడినంత మాత్రాన మీ కోడ్ బాగుపడుతుందని అనుకోవద్దు. కోడ్ నడిచే దారిలోనే కొలవాలి.

కొలిచే ముందు యూనిట్ల విషయంలో జాగ్రత్త. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. పింగ్ చెప్పేది రానూపోనూ టైమ్. సాక్‌పెర్ఫ్ పింగ్-పాంగ్, ఓఎస్‌యూ లేటెన్సీ టెస్ట్, ఐబీ-రైట్-ల్యాట్ అనే కొలత ప్రోగ్రాములు చెప్పేవి అందులో సగం. ఐబీ-రీడ్-ల్యాట్ మాత్రం పూర్తి రానూపోనూ చెబుతుంది, ఎందుకంటే రీడ్ అంటేనే వెళ్లి తెచ్చుకోవడం. నెట్‌పెర్ఫ్ టీసీపీ-ఆర్ఆర్ సెకనుకు ఎన్ని లావాదేవీలో చెబుతుంది. 25,000 వస్తే దాన్ని తిరగేసి 40 మైక్రోసెకన్లు, అది రానూపోనూ. ఒక పట్టికలో ఇవన్నీ పక్కపక్కన పెట్టి పోల్చి "రీడ్ కన్నా రైట్ రెండింతలు వేగం" అని తేల్చేసినవాళ్లు ఉన్నారు. సగమో పూర్తో ఏదో ఒకటి ఎంచుకుని అన్నీ అందులోకి మార్చి రాసుకోండి. నిజమైన ఒకవైపు టైమ్ కావాలంటే రెండు మెషీన్ల గడియారాలు మైక్రోసెకను లోపు కలవాలి. మామూలుగా గడియారాలు కలిపే ఎన్‌టీపీతో అది కుదరదు. కార్డులోనే టైమ్ ముద్ర పడే పీటీపీ ఉండాలి, కార్డు దాన్ని చేయగలదో లేదో ఈథ్‌టూల్ పెద్ద-టీ ఆప్షన్ చెబుతుంది. మీ సమస్యకు అంత దూరం అక్కర్లేదు.

ఇప్పుడు అసలు కొలత. కింది పొర నుంచి పైకి రావాలి, ప్రతి పొరలో రెండే అంకెలు: 8 బైట్ల మెసేజ్‌కి మధ్యస్థ విలువ, 99వ పర్సెంటైల్ (నూటికి 99 కొలతలు దీని లోపే ఉంటాయి).

మొదటి పొర వట్టి ఆర్‌డీఎంఏ. పెర్ఫ్‌టెస్ట్ ప్యాకేజీలోని ఐబీ-రైట్-ల్యాట్‌ని ఒక నోడ్‌లో సర్వర్‌గా లేపి, రెండో నోడ్ నుంచి దాని పేరిచ్చి నడపండి. మీది రోసీ (ఈథర్‌నెట్ మీద నడిచే ఆర్‌డీఎంఏ) కాబట్టి వెర్షన్ 2కి చెందిన జీఐడీ ఇండెక్స్ (కార్డు అడ్రసుల పట్టికలో వరుస నంబరు) ఇవ్వాలి, షో-జీఐడీస్ కమాండ్‌లో కనిపిస్తుంది. రెండు చివరలా న్యూమాసీటీఎల్ కమాండ్‌తో ఆ ప్రోగ్రామ్‌ని కార్డు ఉన్న సాకెట్‌కే కట్టేయండి. కార్డు ఏ సాకెట్‌దో సిస్‌ఫైల్‌సిస్టమ్‌లో ఆ ఇంటర్‌ఫేస్ డివైస్ డైరెక్టరీలోని న్యూమా-నోడ్ ఫైల్ చెబుతుంది. 2 మైక్రోసెకన్ల దరిదాపుల్లో వస్తే మీ హార్డ్‌వేర్ ఆరోగ్యంగా ఉన్నట్టే, స్విచ్ ప్రస్తావన ఇక అనవసరం. ఆ తర్వాత కావాలనే రెండో సాకెట్‌కి కట్టి మళ్లీ నడపండి. పెరిగిన తేడాయే మీ మెషీన్‌లో సాకెట్ దాటే ఖరీదు. అది మీకు తర్వాత పనికొస్తుంది.

రెండో పొర ఎంపీఐ. అదే జత నోడ్‌ల మధ్య, నోడ్‌కి ఒక్క ప్రాసెస్‌తో ఓఎస్‌యూ లేటెన్సీ టెస్ట్. ఇది కింది పొర కన్నా అర మైక్రోసెకను ఎక్కువ చూపిస్తే న్యాయమే. 15, 20 మైక్రోసెకన్లు చూపిస్తే మీ ఎంపీఐ ఆర్‌డీఎంఏని వాడటమే లేదు, చప్పుడు చేయకుండా టీసీపీలోకి దిగిపోయింది. మీరు చెప్పిన లక్షణాలు చూస్తే నా అనుమానం అంతా దీని మీదే. టీసీపీలో మెసేజ్ ఖరీదు పదింతలవుతుంది. నోడ్‌లు తక్కువగా ఉన్నప్పుడు అది లెక్కల చాటున దాగి ఉంటుంది, పెరిగేకొద్దీ బయటపడుతుంది.

ఇలా దిగిపోవడానికి కారణాల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది మెమరీ లాక్ పరిమితి. ఆర్‌డీఎంఏ కార్డు ప్రాసెసర్‌ని అడక్కుండా మెమరీని చదువుతుంది, రాస్తుంది. అందుకని ఆ పేజీలు కదలకుండా పిన్ చేయాలి. పరిమితి 64 కిలోబైట్లే ఉంటే పిన్ చేయడం విఫలమవుతుంది. మీరు ఎస్ఎస్‌హెచ్‌లో లాగిన్ అయి యూలిమిట్ చిన్న-ఎల్ చూస్తే "అన్‌లిమిటెడ్" అని ఉంటుంది, అంతా బాగుందనుకుంటారు. కానీ స్లర్మ్ (క్లస్టర్‌లో జాబ్‌లు నడిపే షెడ్యూలర్) జాబ్‌కి ఆ పరిమితి లాగిన్ ఫైళ్ల నుంచి రాదు, ప్రతి నోడ్‌లో నడిచే దాని స్లర్మ్‌డీ సర్వీస్ నుంచి వస్తుంది. కాబట్టి ఎస్‌రన్ (స్లర్మ్ జాబ్ నడిపే కమాండ్) లోపల అదే కమాండ్ నడిపి చూడండి. 64 అని వస్తే దొరికింది. స్లర్మ్‌డీ సిస్టమ్‌డీ యూనిట్‌లో లిమిట్-మెమ్‌లాక్‌ని ఇన్ఫినిటీ చేసి, స్లర్మ్ కాన్ఫిగరేషన్‌లో ప్రొపగేట్-రిసోర్స్-లిమిట్స్-ఎక్సెప్ట్‌కి మెమ్‌లాక్ ఇచ్చి, అన్ని నోడ్‌లలో సర్వీస్‌ని రీస్టార్ట్ చేయండి. రెండోది ఎందుకంటే, లాగిన్ నోడ్‌లోని తక్కువ పరిమితిని స్లర్మ్ జాబ్‌తో పాటు మోసుకుపోకుండా ఉండాలి.

కంటైనర్‌లో నడుపుతుంటే ఇన్ఫినీబ్యాండ్ డివైస్ ఫైళ్లు లోపలికి వచ్చాయో లేదో చూడండి. ఓపెన్ ఎంపీఐ టీసీపీలోకి దిగినప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. అది 1 గిగాబిట్ మేనేజ్‌మెంట్ ఇంటర్‌ఫేస్‌నీ వాడుకుంటుంది, డాకర్ బ్రిడ్జి లాంటి పనికిరానివాటినీ ప్రయత్నిస్తుంది.

ఇలాంటి జారుడు మళ్లీ జరగకుండా తలుపు మూసేయాలి. ఓపెన్ ఎంపీఐకి పీఎంఎల్‌గా (మెసేజ్‌లు పంపే పొరగా) యూసీఎక్స్‌నే (ఆర్‌డీఎంఏ వాడగల లైబ్రరీనే) వాడమని చెప్పండి. యూసీఎక్స్-టీఎల్ఎస్ వేరియబుల్‌లో ఆర్‌సీ (ఆర్‌డీఎంఏ), ఎస్ఎం (నోడ్ లోపలి షేర్డ్ మెమరీ), సెల్ఫ్ (తనకు తానే) మాత్రమే పెట్టండి, టీసీపీని రాయకండి. యూసీఎక్స్-నెట్-డివైసెస్‌లో 25 గిగాబిట్ కార్డు పోర్టు పేరివ్వండి. ఇప్పుడు ఆర్‌డీఎంఏ కుదరకపోతే జాబ్ నెమ్మదిగా నడవడానికి బదులు మొదట్లోనే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. మూడు రోజులు నెమ్మదిగా నడిచే జాబ్ కన్నా మూడు సెకన్లలో ఆగే జాబ్ మేలు. జాబ్ నడుస్తుండగా ఇంకో సాక్ష్యం కూడా దొరుకుతుంది. ఆర్‌డీఎంఏ ట్రాఫిక్ కెర్నల్ కంట పడదు కాబట్టి ఐపీ కమాండ్ చూపించే బైట్ల లెక్క దాదాపు కదలకూడదు. మెలనాక్స్ కార్డయితే ఈథ్‌టూల్ పెద్ద-ఎస్ లెక్కల్లో వీపోర్ట్ ఆర్‌డీఎంఏ యూనికాస్ట్ బైట్లు పరుగెత్తుతూ ఉండాలి. దీనికి తలకిందులుగా కనిపిస్తే మీరు టీసీపీలోనే ఉన్నారు.

ఒక జత నోడ్‌లు బాగుంటే క్లస్టర్ బాగున్నట్టు కాదు. 16 నోడ్‌లకు 120 జతలు. జతకి 5 సెకన్లు వేసుకున్నా 10 నిమిషాల పని. చిన్న స్క్రిప్ట్ రాసి అన్ని జతలూ నడిపి 16 అడ్డం, 16 నిలువు పట్టికగా వేయండి. ఒక అడ్డ వరుస, దాని నిలువు వరుస మొత్తం ఎత్తుగా ఉంటే ఆ నోడ్‌ది తప్పు. ఒక్క గడి మాత్రమే ఎత్తుగా ఉంటే మళ్లీ కొలవండి, చాలాసార్లు అది తాత్కాలికం. తప్పు నోడ్ దొరికాక చూడాల్సినవి: ఎల్ఎస్‌పీసీఐ వివరాల్లో లింక్ స్టేటస్ దగ్గర "డౌన్‌గ్రేడెడ్" అని ఉందా, అంటే కార్డు స్లాట్‌లో సరిగ్గా కూర్చోక ఎక్స్8 బదులు ఎక్స్4లో నడుస్తోందా? బయోస్ పవర్ ప్రొఫైల్ మిగతా నోడ్‌లలాగే ఉందా? మదర్‌బోర్డు మార్చిన నోడ్ ఫ్యాక్టరీ సెట్టింగులతో తిరిగొచ్చి ఇలా బయటపడటం మామూలే. ఎఫ్ఈసీ (తీగ మీద చెడిన బిట్లను సరిచేసే ఏర్పాటు) సరిచేసిన ఎర్రర్లు పక్క పోర్టుల కన్నా వేగంగా పెరుగుతుంటే కేబుల్ మార్చండి.

ఇక 99వ పర్సెంటైల్ ఎందుకంటే, సగటు మీ కోడ్‌కి పెద్దగా అక్కరకు రాదు. ఆల్‌రెడ్యూస్ (అందరి అంకెల్నీ కలిపి ఫలితాన్ని అందరికీ ఇచ్చేది) లాంటి సామూహిక పిలుపులో అందరూ చివరివాడి కోసం ఆగాలి. ఒక్కో నోడ్ నూటికి 99 సార్లు టైమ్‌కి వస్తుందనుకుందాం. 16 నోడ్‌లూ ఒకేసారి టైమ్‌కి రావడం 85 సార్లే జరుగుతుంది. అంటే నూటిలో 15 పిలుపులు ఎవరో ఒకరి ఆలస్యానికి బలి. 100 నోడ్‌లైతే నూటికి 63 పిలుపులు అలా పోతాయి. నోడ్ స్థాయిలో అరుదైనది క్లస్టర్ స్థాయిలో మామూలైపోతుంది.

ఈ ఆలస్యం నెట్‌వర్క్‌దే కానక్కర్లేదు. 2003లో లాస్ అలమోస్ ల్యాబ్‌లో 8192 ప్రాసెసర్ల ఏఎస్‌సీఐ క్యూ మెషీన్ మీద ఇదే తేలింది. సేజ్ అనే కోడ్ ఊహించిన వేగంలో సగమే ఇస్తోంది. వెతికితే దొరికింది నోడ్‌లలో అప్పుడప్పుడూ లేచి ప్రాసెసర్‌ని కాసేపు లాక్కునే సిస్టమ్ ప్రాసెస్‌లు. ఒక్కో నోడ్‌లో చూస్తే అవి తినేది లెక్కలోకి రానంత. కానీ ఒక్కో నోడ్‌లో ఒక్కో సమయంలో లేవడం వల్ల అందరి ఆలస్యమూ అందరికీ అంటుకుంది. ఆ రొద తగ్గించాక కొత్త హార్డ్‌వేర్ ఏదీ లేకుండానే వేగం రెట్టింపయింది.

మీ నోడ్‌లలో ఈ రొదని కొలవడానికి లినక్స్ 5.14 నుంచి ఓఎస్‌నాయిస్ ట్రేసర్ ఉంది. 5.17 నుంచి ఆర్‌టీఎల్ఏ అనే సులువైన కమాండ్ దాన్ని నడుపుతుంది. ఏ కోర్ మీద, ఎవరి వల్ల, ఎన్ని మైక్రోసెకన్లు పోయాయో వరుసగా చెబుతుంది. టర్బోస్టాట్‌లో ఎస్ఎంఐ నిలువు వరుస సున్నాలో ఉండాలి. అది పెరుగుతుంటే బయోస్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి తెలియకుండా ప్రాసెసర్‌ని లాక్కుంటోందని అర్థం, దాని మందు బయోస్ సెట్టింగుల్లోనే ఉంటుంది. ప్రతి 10 సెకన్లకు వంద మెట్రిక్‌లు ఏరే మానిటరింగ్ ఏజెంట్, క్రాన్ పనులు, ఆటోమేటిక్ అప్‌డేట్ చెకింగ్ తరచూ దొరికే దోషులు. నోడ్‌కి 64 కోర్లుంటే 62 కోర్లకే ప్రాసెస్‌లు ఇచ్చి, మిగిలిన రెండింటికి స్లర్మ్ కోర్-స్పెక్-కౌంట్‌తో సిస్టమ్ పనులు అప్పజెప్పండి. రెండు కోర్లు వదులుకున్నా మొత్తం టైమ్ తగ్గడం వింతేమీ కాదు.

సర్దుబాట్లలోకి వద్దాం. ఒక్కసారికి ఒక్కటే మార్చి, పైన చెప్పిన రెండు అంకెలూ మళ్లీ రాసుకోండి. ఐదు కలిపి మారిస్తే ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో ఎప్పటికీ తెలియదు.

మొదట పవర్. ట్యూన్డ్ అనే లినక్స్ సర్వీస్‌లో నెట్‌వర్క్-లేటెన్సీ ప్రొఫైల్ పెడితే గాఢ నిద్రలు ఆగుతాయి, ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే గవర్నర్ పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్తుంది, ఆటోమేటిక్ న్యూమా బ్యాలెన్సింగ్ (సాకెట్ల మధ్య మెమరీని జరపడం), ట్రాన్స్‌పరెంట్ హ్యూజ్ పేజీలు (పెద్ద సైజు మెమరీ పేజీలు) ఆగిపోతాయి, బిజీ పోల్ (ఇంటరప్ట్ కోసం ఆగకుండా ప్యాకెట్ కోసం చూసే టైమ్) 50 మైక్రోసెకన్లవుతుంది. ఈ హ్యూజ్ పేజీల సంగతి మాత్రం విడిగా కొలవండి. పెద్ద శ్రేణులు తిప్పే సిమ్యులేషన్ కోడ్‌లు వాటి వల్ల లాభపడతాయి, తీసేస్తే లెక్కలు నెమ్మదించవచ్చు. అలాంటప్పుడు ప్రొఫైల్ కాపీ చేసుకుని ఆ ఒక్క వరుస మార్చండి. కోర్లన్నీ మెలకువగా ఉంచితే కరెంటు, వేడి పెరుగుతాయి. పైగా కొన్ని కోర్లే పనిచేసేటప్పుడు దొరికే టర్బో (అదనపు వేగం) తగ్గుతుంది, ఎందుకంటే నిద్రపోయే కోర్లు మిగల్చే పవరే మిగతావాటికి ఊతం. కోర్లన్నీ నిండా పనిచేసే జాబ్‌లకు ఈ బాధ లేదు. స్లర్మ్ ప్రోలాగ్‌లో (జాబ్‌కి ముందు నడిచే స్క్రిప్ట్‌లో) ప్రొఫైల్ పెట్టి ఎపిలాగ్‌లో (జాబ్ తర్వాత నడిచేదాన్లో) తీసేస్తే ఖాళీ నోడ్‌లు చల్లగా ఉంటాయి. సీపీయూ-డీఎంఏ-లేటెన్సీ డివైస్ ఫైల్‌లో సున్నా రాసే పద్ధతి కూడా ఉంది కానీ, ఆ ఫైల్‌ని తెరిచి పట్టుకున్నంత సేపే అది పనిచేస్తుంది. ఎకోతో రాసి వదిలేస్తే రాసిన మరుక్షణం మాయమవుతుంది.

తర్వాత ప్రాసెస్‌ల కట్టుబాటు. ఎంపీఐరన్‌కి బైండ్-టు కోర్, రిపోర్ట్-బైండింగ్స్ ఇచ్చి, వచ్చిన పటాన్ని కళ్లతో చూడండి. రెండు ర్యాంకులు (ఎంపీఐ ప్రాసెస్‌లు) ఒకే కోర్ మీద పడితే ఒకటి తిరుగుతూ చూస్తుంటే రెండోది లెక్క చేయలేక ఆగుతుంది, లేటెన్సీ మైక్రోసెకన్ల నుంచి మిల్లీసెకన్లకు ఎగబాకుతుంది.

ఇంటరప్ట్ కోలెసింగ్ టీసీపీ వాడే సర్వీసులకే ముఖ్యం. కార్డు ప్రతి ప్యాకెట్‌కీ ప్రాసెసర్‌ని లేపకుండా కొన్ని మైక్రోసెకన్లు ఆగి గుంపుగా చెబుతుంది. ఈథ్‌టూల్ పెద్ద-సీ ఆప్షన్‌తో అడాప్టివ్-ఆర్ఎక్స్ ఆపి, ఆర్ఎక్స్-యూసెక్స్ సున్నా పెట్టి కొలవండి. ఆ తర్వాత ఫైళ్లు భారీగా కాపీ అయ్యేటప్పుడు ఆ కోర్ ఇంటరప్ట్‌లతో మునిగిపోతుందేమో చూసి, అవసరమైతే 4 లేక 8 దగ్గర స్థిరపడండి. మీ సొంత టీసీపీ సర్వీసులేవైనా సరిగ్గా 40 మిల్లీసెకన్ల ఆలస్యం చూపిస్తుంటే అది నెట్‌వర్క్ కాదు. చిన్న ప్యాకెట్లను ఆపి కలిపే నాగిల్ పద్ధతీ, అందినట్టు జవాబివ్వడాన్ని ఆలస్యం చేసే డిలేడ్ ఏక్‌నాలెడ్జ్‌మెంటూ ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తున్నాయి. సాకెట్‌కి టీసీపీ-నోడిలే పెట్టండి. 200 మిల్లీసెకన్ల గడ్డలు కనిపిస్తే ప్యాకెట్లు పోయి, లినక్స్ కనీస రీట్రాన్స్‌మిట్ గడువు దాకా ఆగుతున్నాయి. ఎన్‌స్టాట్‌లో టీసీపీ టైమౌట్స్ లెక్క చూస్తే రుజువైపోతుంది.

స్విచ్ దగ్గర నిజంగా చూడాల్సింది క్యూ. ఖాళీ నెట్‌వర్క్‌లో 2 మైక్రోసెకన్లు వచ్చి, జాబ్ నడిచేటప్పుడు 50 అయితే మీ చిన్న మెసేజ్ ఎవరి వెనకో లైన్‌లో నిలబడింది. ముందు 100 కిలోబైట్లు ఉంటే 25 గిగాబిట్ పోర్టులో 32 మైక్రోసెకన్లు ఆగాలి. ఆ ముందున్నది ఎక్కువగా స్టోరేజ్ ట్రాఫిక్కే. చెక్‌పాయింట్ ఫైళ్లు (సిమ్యులేషన్ మధ్యమధ్యలో దాచుకునేవి) అదే పోర్టులో పోతుంటే రెండింటికీ వేర్వేరు ట్రాఫిక్ క్లాసులు ఇవ్వండి. ఇంకా వీలైతే ఎన్‌ఎఫ్‌ఎస్‌ని (నెట్‌వర్క్ ఫైల్ స్టోరేజ్‌ని) వేరే పోర్టుకి తరలించండి. రోసీకి ఈసీఎన్ (క్యూ నిండుతోందని పంపేవాళ్లకు తెలిపే గుర్తు) తప్పక ఆన్ చేయండి. పీఎఫ్‌సీ (ప్యాకెట్లు రాలకముందే పంపేవాళ్లను కాసేపు ఆపే పద్ధతి) ఒక్క ప్రయారిటీకే పెట్టండి, అదే ప్రయారిటీ స్విచ్‌లోనూ, 16 కార్డుల్లోనూ ఉండాలి. కార్డు 3లో పంపుతుంటే స్విచ్ 4ని కాపాడుతున్న అమరిక పైకి బాగానే నడుస్తుంది, బరువు పెరగ్గానే ప్యాకెట్లు రాలిపోతాయి. ఒక్క ప్యాకెట్ పోతే రోసీ అక్కడి నుంచి వరుసంతా మళ్లీ పంపాల్సి రావచ్చు. హార్డ్‌వేర్ కౌంటర్లలో అవుట్-ఆఫ్-సీక్వెన్స్, ప్యాకెట్-సీక్వెన్స్-ఎర్రర్, ఈథ్‌టూల్‌లో ఆ ప్రయారిటీ పాజ్ లెక్క జాబ్‌కి ముందూ తర్వాతా రాసుకుని తేడా చూడండి. 16 నోడ్‌ల జాబ్‌లో మొదటి రెండూ పెరిగి, 4 నోడ్‌ల జాబ్‌లో పెరగకపోతే మీ కథ ఇక్కడే ఉంది.

ఎఫ్ఈసీ గురించి ఒక్క మాట. 25 గిగాబిట్‌లో ఆర్ఎస్-ఎఫ్ఈసీ లింకుకు సుమారు పావు మైక్రోసెకను కలుపుతుంది. 3 మీటర్ల లోపు, ఎఫ్ఈసీ అక్కర్లేని గ్రేడు డీఏసీ అయితే రెండు చివరలా ఆపవచ్చు. ఎర్రర్లు వస్తే ఆదా అయిన పావు మైక్రోసెకను బదులు మిల్లీసెకన్లు పోతాయి. కాబట్టి ఇది చివరి పని, మొదటిది కాదు. జంబో ఫ్రేములు (పెద్ద సైజు ప్యాకెట్లు) చిన్న మెసేజ్ లేటెన్సీని తగ్గించవు. ఆ ఆశతో ఎంటీయూ (ప్యాకెట్ గరిష్ఠ సైజు) మార్చకండి.

ఇవన్నీ అయ్యాక మిగిలేది కోడ్. మీ గ్రిడ్ 200 × 200 × 200 అన్నారు, అంటే 80 లక్షల గళ్లు. 16 నోడ్‌ల 1024 ర్యాంకులకు పంచితే ర్యాంకుకి 7800 గళ్లు, దాదాపు 20 × 20 × 20 ఘనం. అందులో అంచు గళ్లే 2168, నూటికి 27. లెక్క చేసేది తక్కువ, పొరుగువాళ్లతో మాట్లాడేది ఎక్కువ. ఇంత చిన్న ముక్కకి ఏ నెట్‌వర్క్ పెట్టినా వేగం ఒక దశలో ఆగిపోతుంది. నోడ్‌కి 64 ర్యాంకులకు బదులు న్యూమా డొమైన్‌కి (ఒకే మెమరీకి దగ్గరగా ఉన్న కోర్ల గుంపుకి) ఒక ర్యాంకు, లోపల ఓపెన్‌ఎంపీ (ఓపెన్ ఎంపీఐ కాదు) థ్రెడ్‌లు పెట్టి చూడండి, మెసేజ్‌లు ఒక్కసారిగా తగ్గుతాయి. పీడనం, మూడు వేగాలు, ఉష్ణోగ్రత, ఇలా 5 రాశుల్నీ 26 పొరుగులకూ విడివిడిగా పంపుతుంటే దశకి 130 మెసేజ్‌లు. ఒకే బఫర్‌లో సర్ది పంపితే 26. సాల్వర్‌లో ప్రతి ఇటరేషన్‌కీ రెండు మూడు డాట్ ప్రొడక్ట్‌లు విడి ఆల్‌రెడ్యూస్‌లుగా ఉంటే, ఒకదానికొకటి ఆధారపడనివాటిని ఒకే పిలుపులో కలపండి. ఒక్కో ఆల్‌రెడ్యూస్ 16 నోడ్‌ల మీద కనీసం 4 మెట్లు ఎక్కాలి, ఒక్కో మెట్టుకి ఒక లేటెన్సీ. కలిపిన ప్రతి పిలుపుకీ 4 మిగులుతాయి.

ఇన్ఫినీబ్యాండ్ విషయానికొస్తే, దాని స్విచ్ సుమారు 100 నానోసెకన్లలో దాటిస్తుంది. మీ ఒక్క స్విచ్ క్లస్టర్‌లో దానివల్ల మెసేజ్‌కి అర మైక్రోసెకను లోపే మిగులుతుంది. దాని అసలు బలం వేరు. అవతల బఫర్‌లో చోటుందని తెలిశాకే పంపుతుంది కాబట్టి పీఎఫ్‌సీ, ఈసీఎన్ కుస్తీ లేకుండానే క్యూ నిండి ప్యాకెట్లు రాలిపోయే పరిస్థితి రాదు. ర్యాక్‌లు పెరిగి స్విచ్‌లు మూడు నాలుగు అయినప్పుడు, రోసీ సర్దుబాట్లు చూసుకునే మనిషి లేనప్పుడు అది డబ్బుకి తగ్గ పని చేస్తుంది. ఈరోజు మీ దగ్గర ఆ పరిస్థితి లేదు.

ముందు ఈ ఐదూ పంపండి: ఎస్‌రన్ లోపలి మెమ్‌లాక్ పరిమితి, ఒక జతకి ఐబీ-రైట్-ల్యాట్ మధ్యస్థమూ 99వ పర్సెంటైలూ, అదే జతకి ఓఎస్‌యూ లేటెన్సీ, 16 నోడ్‌ల మీద ఫుల్ ఆప్షన్‌తో ఓఎస్‌యూ ఆల్‌రెడ్యూస్ కనిష్ఠ గరిష్ఠాలు, 16 నోడ్‌ల జాబ్‌కి ముందూ తర్వాతా సీక్వెన్స్ ఎర్రర్ లెక్కలు. మొదటి అంకెలోనే జవాబు దొరికితే మిగతా నాలుగూ అక్కర్లేదు.